ఎనిమిది గంటల పాదరసం

ఆ ఆఫీసులో అందరూ ఆమెను మబ్బులక్క అనేవాళ్ళు. సముద్రం ఒడ్డున మూడు గదుల వాతావరణ ఆఫీసు అది. లోపలి గదిలో, గోడకు, గాలి బరువు చెప్పే పాదరసం గొట్టం ఉంది. రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి మబ్బులక్క దాని ముందు మడమలెత్తి నిలబడి, అంకె చూసి, పుస్తకంలో రాసి, రేవుకు ఫోను చేస్తుంది. అంకె బాగా పడిపోయిందంటే గాలివాన వస్తున్నట్టే, రేవులో సైరను మోగుతుంది. వెళ్ళబోయే పడవలు ఆగిపోతాయి, తెల్లారే వెళ్ళినవి వెనక్కి తిరుగుతాయి.

చిక్కంతా ఆ ఎనిమిదితోనే వచ్చింది. కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు, రోజూ ఎనిమిదింటికి అందరూ జెండా ముందు నిలబడి దేశగీతం పాడాలనీ, పాడినట్టు సంతకాలు చెయ్యాలనీ ఉత్తర్వు వేశారు. మూడు వారాలైనా మబ్బులక్క గడి ఖాళీగానే ఉంది. నాలుగు నిమిషాలు ముందే చూసి రాసేస్తే కొంపలేం మునగవని ఆయన నచ్చజెప్పారు. ఆమె సరేనండీ అని తలూపింది. మర్నాడు ఎనిమిదింటికి మళ్ళీ గొట్టం ముందే ఉంది.

"మబ్బులకు రోజూ హాజరు వేస్తావు, నీ హాజరు మాత్రం వెయ్యవేంటక్కా," అని అటెండరు వేళాకోళం చేసేవాడు. ఆమె నవ్వేది.

ఆ పాటంటే ఇష్టంలేక కాదు. పదకొండేళ్ళ కిందట, దేశానికి పెద్ద పండగ రోజున, మైదానంలో మొదటి వరసలో నిలబడి పాడింది ఆమే. ఆలస్యమవుతుందని ఏడున్నరకే గొట్టం చూసి, ఎనిమిది అని రాసి, రేవుకు చెప్పేసింది. బయటికి వస్తుంటే గేటు దగ్గర తమ్ముడు కనిపించాడు. భుజాన వల, నోట్లో వేపపుల్ల.

"ఏమంటోందక్కా నీ పాదరసం?"

"బాగానే ఉందంటోంది. వెళ్ళిరా."

ఆ అరగంటలోనే పాదరసం జారిపోయింది. ఆమె పాడుతూనే ఉంది. ఇంత బాగా ఎప్పుడూ పాడలేదని అందరూ మెచ్చుకున్నారు. వెళ్ళిరా అన్న మాటలో సగమే జరిగింది.

ఇదంతా ఎవరికీ చెప్పలేదు. శనివారం ఆఫీసరుగారు పిలిచి, సోమవారం కూడా సంతకం లేకపోతే పైకి రాస్తాననీ, ఉద్యోగం పోతుందనీ చెప్పారు. దేశమంటే ప్రేమ లేదా అని కూడా అడిగారు. ఇంటికెళ్ళి కూర్చుంటే, దేశమన్న మాటకు రేవే కళ్ళముందుకొచ్చింది: తాళ్ళు విప్పుతున్న చేతులు, తడిసిన పంచెలు, దూరమైపోతున్న వీపులు. ఉద్యోగం పోతే పోనీ అనుకుందామన్నా మనసొప్పలేదు. తన తర్వాత ఆ గొట్టం ముందుకు ఎవరొస్తారో! వాళ్ళూ ముందే రాసేస్తే?

సోమవారం సముద్రం మీది నుంచి మంచు వచ్చి ఊరంతా కప్పేసింది. జెండా కర్ర లేదు, గేటు లేదు, అన్నీ పాలలో మునిగినట్టున్నాయి. ఎనిమిదైంది. పాట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా గదిలోకి తేలుతూ వచ్చింది. మబ్బులక్క మడమలెత్తింది. పాదరసం బాగా కిందికి జారి ఉంది. రాసింది. రేవుకు చెప్పింది. అప్పుడు గమనించింది, తన పెదవులు పాటతోపాటు కదులుతున్నాయని.

పాట అయ్యాక ఆఫీసరుగారే హాజరు పుస్తకం తీసుకొచ్చారు. జుట్టంతా మంచు తడి. ఆయనా చెడ్డ మనిషి కాదు.

"మంచులో నాకెవరూ కనిపించలేదమ్మా," అన్నారు, ఎటో చూస్తూ. "మీరూ వచ్చారనే అనుకుంటాను. ఒక్క సంతకం పెట్టెయ్యండి."

వెనకనుంచి అటెండరు, పెట్టెయ్ అన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు. ఆమె కలం అందుకుంది. కిటికీ అవతల మంచులో ఎవరో వల భుజాన వేసుకుని నిలబడినట్టే ఉంది.

"ఒకసారి ముందే చూసి రాసేశానండీ," అంది మెల్లగా. "మా తమ్ముడు అది నమ్మి వెళ్ళాడు."

గడిలో రాసింది: 'రాలేదు. గాలి చూస్తున్నాను.' కింద సంతకం పెట్టింది.

ఆయన ఆ రెండు ముక్కలూ చదువుతుండగా రేవులో సైరను మోగింది. పుస్తకం మెల్లగా మూశారు. ఇది పైకి పంపక తప్పదన్నారు. గొంతులో మునుపటి బింకం లేదు. పంపండి, అంది ఆమె.

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. తెల్లారే పదిహేడు పడవలు వెళ్ళాయని అటెండరు చెప్పాడు. మంచులోంచి ఒక్కొక్కటే, నీళ్ళమీద నడుస్తున్నట్టు రావడం మొదలైంది. ఆఫీసరుగారు కూడా పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నారు. పదహారు వచ్చాయి. గాలి లేచింది.

చాలాసేపటికి పదిహేడోది కనిపించింది. అందులో ఎవరో, మొహం కూడా ఆనడంలేదు, చెయ్యెత్తి ఊపాడు.

"వచ్చావా," అంది మబ్బులక్క.