మిగిలినవాటి లెక్క

నాకు రోజుకు పద్నాలుగు వందల కేలరీలే. అంతకు మించితే షుగర్ దిగదు, షుగర్ దిగకపోతే చూపు నిలవదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. శాలిబండ దుకాణాలకు ఇంట్లోనే చీరల మీద మగ్గం పని చేస్తాను. సూదిలోకి దారం ఎక్కించలేని రోజు నాకు పనే ఉండదు.

అందుకే నెలంతా తిన్నదల్లా నోట్‌బుక్కులో రాశాను. జొన్నరొట్టెలు, కప్పు అన్నం, ఆకుకూర. ఏ రోజూ పదకొండు వందల యాభై దాటలేదు. అయినా షుగర్ పెరిగింది. డాక్టరమ్మ నోట్‌బుక్కు మూసి, "గిట్ల తింటే ఎందుకు పెరుగుతదమ్మా? రాయకుండ ఏం తింటున్నవ్?" అంది. ఒట్టేసినా నమ్మలేదు. దొంగలా తల దించుకుని షేర్ ఆటోలో ఉప్పుగూడలోని ఇంటికి వచ్చిపడ్డాను. తినకుండా ఉండడానికి కూడా ఇంత ఓపిక కావాలా అని విసుగొచ్చింది.

ఐదో తరగతి చదివే మా పెద్దది పూజితకు ఆ వారం హోంవర్క్, ఇంట్లో ఒకరి తిండి మీద లెక్క తయారుచేయడం. నన్నే పట్టుకుంది. బడి సెలవు రోజున పొద్దంతా పెన్సిల్‌తో నా వెనకే తిరిగి, డాక్టరమ్మ ఇచ్చిన కేలరీల పట్టీ చూసి అంకెలు వేసుకుంది. సాయంత్రం చదివి వినిపించింది.

"అమ్మ పళ్లెంల 1150. చెల్లె సోనీ ఇడిసిపెట్టిన దోశ 150. నాయనమ్మకు మిగిలిన తీపి చాయ్, బిస్కెట్లు 250. బాపు డబ్బాల మిగిలిన అన్నం 280. డాక్టరమ్మ తినమన్నది 1400. అమ్మ ఎంత ఎక్కువ తిన్నది?"

"అవి తిన్నట్టేంది?" అన్నాను. నిజంగానే అట్లా అనుకోలేదు. గిన్నెలు కడిగే చోట నిలబడి, పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకున్నవి అవి. కూర్చున్నది లేదు, వడ్డించుకున్నది లేదు. మా అత్త రుక్మాబాయి కూడా ఒకప్పుడు అట్లాగే తినేది.

"నాలుగు వందల ముప్పై ఎక్కువ," అంది పూజిత.

డాక్టరమ్మ మీద కోపం పోయింది. నా మీద నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు నా భర్త ఎల్లేష్ ఫలక్‌నుమా వర్క్‌షాపు నుంచి వచ్చి, ఎప్పటిలాగే అన్నం డబ్బాను గిన్నెల దగ్గర పెట్టి మంచం మీద వాలాడు. మగ్గం ముందు నుంచి లేచి వెళ్లేసరికి పూజిత అక్కడ నిలబడి, డబ్బాలో చల్లారిన అన్నం గబగబా తింటోంది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"ఏంది బిడ్డా?"

"నువ్వు తినొద్దు గదమ్మా. అందుకే నేను తింటున్న."

నాలో ఇంకా ఓపిక ఉందని అప్పుడే తెలిసింది. డబ్బా లాక్కుని ఎల్లేష్ ముందు పెట్టాను.

"నీ అన్నం. నువ్వే తిను."

"కడుపు నిండిందే."

"రేపటి సంది తక్కువ పెడత. ఇయ్యాల మాత్రం తిను."

అతను నన్ను చూశాడు, పూజిత బుగ్గలు చూశాడు, డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మూలన కూర్చున్న రుక్మాబాయి తన కప్పులో మిగిలిన చాయ్ అడుగుదాకా తాగేసింది.