అద్దంలో పుర్రచేయి

ఆ కటింగ్ షాపులో పోయిన బాక్సర్లకీ బతికున్న బాక్సర్లకీ తేడా లేదు. ఆదివారం పొద్దున అందరూ బరిలోకి దిగాల్సిందే. ఎనభై ఏళ్ళ కిందట కొట్టుకున్నవాడికీ మొన్న బెల్టు గెలిచినవాడికీ పోటీ పెట్టేవారు. అంతా నోటితోనే. పన్నెండు రౌండ్లు, ఇప్పటి గ్లవ్స్, ఇద్దరూ మంచి వయసులో ఉన్నట్టు లెక్క. కుర్చీలో గడ్డానికి నురగ పూయించుకుని కూర్చున్నవాడే జడ్జి. నురగ ఉన్నంతసేపూ జడ్జి నోరు విప్పకూడదు. రౌండుకోసారి తువ్వాలు కిందనుంచి వేళ్ళు బయటపెట్టాలి. ఒక వేలైతే పాతవాడిది, రెండైతే కొత్తవాడిది.

పాతవాడంటే ఆ షాపులో ఒక్కడే, ఇంజను. ఎనభై ఎనిమిది కిలోల మనిషి. వెనకడుగు వెయ్యడం తెలియదు కాబట్టి ఆ పేరొచ్చింది. వీడియోలు లేని కాలంవాడు. వాడి గురించి తెలిసిందల్లా నాలుగు పాత పేపరు ముక్కలూ, షాపు గుమ్మం పైన లోపలివైపు వేలాడే ఫోటోనూ. ఆ గుమ్మం మరీ పొట్టిది. వంగి రావాలి, వంగి పోవాలి. అంచేత ఫోటోని తలెత్తి చూసినవాడు లేడు, దుమ్ము దులిపిన పాపాన పోయినవాడూ లేడు. కుర్చీలో కూర్చుంటే మాత్రం ఎదురుగా అద్దంలో బ్రహ్మాండంగా కనబడేది.

ఇంజను తరఫున వాదించేది పెయింటరు. యాభై రెండేళ్ళవాడు. ఆ వీధిలో సగం బోర్డులు ఆయన పుర్రచేత్తో రాసినవే. కొత్తవాడి తరఫున వాదించేది ఆయన బావమరిది, షాపు యజమాని. ఈ కొత్తవాడి పేరు టవరు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు, నూట పదిహేను కిలోలు.

"బావా, టవరు ఎడంచెయ్యి చాపాడంటే మీ ఇంజను స్టేషను దాటదు."

"పోరా! మావాడు పుర్రచేయి. కుడికాలు తీసుకెళ్ళి మీవాడి ఎడంకాలి బయట పెడతాడు. అక్కణ్ణుంచి దవడకి రోడ్డు సాఫు. ఎడంచెయ్యి సూటిగా దిగుతుంది."

ఏ వాదన ఎటు తిరిగినా చివరికి ఈ మాట దగ్గరికే వచ్చేది. బావమరిది మళ్ళీ కొత్త జవాబు వెతుక్కునేవాడు.

పెయింటరుకి ఇది ఆదివారం కాలక్షేపం కాదు. పదేళ్ళప్పుడు ఎడంచేత్తో రాస్తున్నాడని మాస్టారు స్కేలుతో వేళ్ళ కణుపుల మీద వాయించారు. ఆ సాయంత్రం ఈ షాపుకే కటింగ్‌కి వచ్చాడు. అప్పట్లో షాపు బావమరిది వాళ్ళ నాన్నది. ఆ పెద్దాయనే తర్వాత మామగారయ్యాడు. పిల్లవాడు వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అద్దంలోకి చూశాడు. కుడిచెయ్యి ముందుకు పెట్టి, గట్టి దెబ్బ కోసం ఎడంచెయ్యి గడ్డం దగ్గర దాచుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఆయనదీ పుర్రచేయేనా?" అని అడిగాడు.

పెద్దాయన ఆ వాచిన వేళ్ళకేసి చూశాడు, అద్దంలోకి చూశాడు. "కనబడుతూనే ఉందిగా," అన్నాడు.

అంతే. ఆ రోజునుంచి ఆ చేత్తో ఏ పని చేసినా పెయింటరు సిగ్గుపడలేదు.

ఇప్పుడు షాపుకి కొత్త రంగు పడుతోంది. బావమరిది టవరు ఫోటో పెద్దది తెప్పించాడు. గుమ్మం పైన ఉండేది ఎవరో ఆదివారం ఆఖరి పందెంలో తేలిపోవాలన్నాడు. శనివారం మధ్యాహ్నం షాపు మూసి ఉండగా పెయింటరు ఒక్కడే స్టూలెక్కాడు. ఫోటో దించి తడిగుడ్డతో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

ఎడంచెయ్యి ముందుంది. కుడిచెయ్యి గడ్డం దగ్గరుంది.

ఫోటోని అద్దం ముందు పెట్టి చూశాడు, పుర్రచేయి. తనవైపు తిప్పుకున్నాడు, మామూలు చేయి. నాలుగుసార్లు తిప్పి కుర్చీలో కూలబడ్డాడు. ఇంజను అందరిలాంటి కుడిచేతివాడే. నలభై రెండేళ్ళు అద్దం చూపించిందే నమ్మాడు. అప్పుడు మామగారు గుర్తొచ్చారు. ఆ మేకు కొట్టి ఫోటో తగిలించింది ఆయనే కదా, ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పందెమూ గెలవొచ్చు.

ఆదివారం లారీ డ్రైవరు కుర్చీలో నురగతో సిద్ధమయ్యాడు. బావమరిది మాంచి హుషారు మీదున్నాడు.

"బావా, ఇవాళ నీ పుర్రచేయి పప్పులుడకవు. టవరు తన ఎడమవైపుకి తిరుగుతూ కుడిచెయ్యే ముందు వాడతాడు. ఈ జవాబు కోసం ఆర్నెల్లు వీడియోలు చూశాను!"

పెయింటరు సంచిలోంచి ఫోటో తీశాడు. "ఆగరా. వీడు పుర్రచేయి కాదు."

"అరె!" అన్నాడు డ్రైవరు, నురగ నోట్లోకి పోయింది.

బావమరిది ఫోటో చూశాడు, అద్దం చూశాడు. "ఇరవై ఏళ్ళు బావా! ఇరవై ఏళ్ళు పుర్రచేతివాడికి జవాబులు వెతికి చచ్చాను! ఇప్పుడు తాపీగా కాదంటావా?"

"నాకూ నిన్ననే తెలిసింది."

"చెప్పకపోతే ఏం పోయేది?"

"గెలిచేది నేను. వాడు కాదుగా." పెయింటరు పేపరు ముక్కలు విప్పాడు. "ఇదిగో, తొమ్మిదో రౌండులో చెయ్యి విరిగిందని ఉంది చూడు. పదిహేను రౌండ్లూ నిలబడ్డాడు. తనకంటే ఇరవై కిలోలు బరువైనవాణ్ణి పడగొట్టాడు. ఇదంతా ఆ పుర్రచేతి మహిమే అనుకున్నాన్రా ఇన్నాళ్ళూ. కాదు. నీకూ డ్రైవరన్నకీ ఉన్న చేతులతోనే చేశాడు. నిన్నటికంటే ఇవాళ పెద్దవాడిలా కనబడుతున్నాడు నాకు."

"సరే, మొదలుపెట్టు," అన్నాడు బావమరిది, కాస్త గొంతు తగ్గించి.

పన్నెండు రౌండ్లూ జరిగాయి. నురగ రెండుసార్లు ఆరిపోతే మళ్ళీ పూశారు. టవరు దూరంనుంచి కొట్టాడు, ఇంజను దూరి దూరి పక్కటెముకలు వాయించాడు. పదో రౌండులో టవరు మోకాళ్ళు వంగాయని బావమరిదే ఒప్పుకున్నాడు. లెక్క చూస్తే రెండు వేళ్ళు ఏడుసార్లు, ఒక వేలు అయిదుసార్లు.

"టవరే," అన్నాడు డ్రైవరు మొహం తుడుచుకుంటూ. "కానీ ఆ పక్కటెముకల నొప్పితో ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టి ఉండదో నాకు తెలుసు."

పెయింటరు తలాడించి స్టూలు జరుపుకున్నాడు. "ఏదిరా, నీ టవరు ఫోటో ఇటివ్వు."

బావమరిది కదల్లేదు. "టవర్ని అద్దం పక్కన పెట్టు. ఆ గుమ్మం మేకు నాన్న కొట్టింది. దానికి ఇంజనే ఉండాలి."

పెయింటరు స్టూలెక్కాడు. వదులైన మేకుని ఎడంచేత్తో నాలుగు దెబ్బలు వేసి ఇంజన్ని తగిలించాడు. బావమరిది కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూశాడు.

"బావా, ఇక్కణ్ణుంచి పుర్రచేయే."

"కనబడుతూనే ఉందిగా," అన్నాడు పెయింటరు, సుత్తి దించి.