అడగడం మరిచిన ఓటు

బ్రిటన్‌లో రాజకీయానికీ టీవీ వినోదానికీ మధ్య గోడ ఎప్పుడో కూలిపోయింది. లేకపోతే నార్తాంప్టన్ పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో, టీవీ డాన్సు పోటీలో గెలిచినాయన కౌన్సిలర్ పదవికి స్రవంతి మీద నిలబడతాడా? అతను కనిపిస్తే చాలు, జనం సెల్ఫీలకు ఎగబడేవారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే స్రవంతి తలుపు తడితే మాత్రం "లవ్లీ! ఆలోచిస్తాం" అని నవ్వి తలుపేసేవారు. మన "చూద్దాంలే"కి వాళ్ళ "లవ్లీ" అక్కో చెల్లో అవుతుంది.

ఆమెకు కావలసింది ఒక్కటే, కౌన్సిల్ ఆపేసిన సాయంత్రం బస్సు. అది లేక పక్కింటి నర్సు రోజమ్మ ఆంటీ డ్యూటీ దిగి, మోకాళ్ళ నొప్పులతో వానలో నడిచొస్తోంది.

పోలింగుకు ముందు శుక్రవారం స్రవంతి కరపత్రాల సంచితో షీలా నడిపే ఫిష్ అండ్ చిప్స్ షాపుకెళ్ళింది. టీవీ వీరుడు అప్పటికే అక్కడ ఏప్రన్ కట్టుకుని ఉన్నాడు. కెమెరా కోసం చేపను ఎత్తునుంచి నూనెలో వదిలాడు. నూనె చింది షీలా చెయ్యి కాలింది. "సారీ" అంటూ ఆయన కారెక్కేశాడు. క్యూ చూస్తే వీధి మలుపుదాకా ఉంది.

స్రవంతికి ఒళ్ళు మండింది. షీలా చేతిని కుళాయి కింద పెట్టించి, చున్నీ నడుముకు బిగించి, గరిటె అందుకుంది. కాకినాడ పిల్లకు చేప వేయించడం ఒకరు నేర్పాలా! క్యూ అయిపోయేదాకా కదల్లేదు. ఫొటో తీసినవాడు ఒక్కడూ లేడు.

ఇంటికొచ్చాక భర్త శశాంక్ సంచి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఒక్క కాగితం కూడా పంచలేదా? ఓటెయ్యమని అడిగావా అసలు?"

"మర్చిపోయా," అంది స్రవంతి బిక్కమొహంతో.

ఓట్ల లెక్కింపు రోజున వీరుడు మొహం మాడ్చుకున్నాడు. స్రవంతి గెలిచింది! కట్టు కట్టిన చెయ్యెత్తి షీలా హాలంతా అదిరేలా అరిచింది: "ఆ రోజు నువ్వు ఓటడగలేదు గనకే వేశాం, పిల్లా!"

తమాషా ఏమిటంటే, కౌన్సిల్లో రెండు పెద్ద పార్టీలకీ మెజారిటీ రాలేదు; ఏ పార్టీకీ చెందని స్రవంతి ఓటే ఇద్దరికీ కావాలి. నిన్నటిదాకా ఆమె పేరు పలకడం రానివాళ్ళు టీ కప్పులతో చుట్టూ మూగారు. ఏం కావాలో చెప్పమన్నారు.

"బస్సు," అంది స్రవంతి.

బస్సు మళ్ళీ మొదలైన సాయంత్రం వాన దంచుతోంది. ఆసుపత్రి స్టాపులో ఎదురుచూస్తున్న స్రవంతికి, అప్పుడే ఎక్కిన రోజమ్మ ఆంటీ బస్సు కిటికీలోంచి చెయ్యూపింది. డిగ్రీ వచ్చిననాడు కూడా స్రవంతికి ఇంత ఆనందం లేదు.

"దేవుడికి స్తోత్రం! ఏమే కౌన్సిలరమ్మా, తడుస్తా నిలబడ్డావేంటే? ఎక్కు, మన బస్సే!"