రాగిరేకు మీది జిడ్డు

ఆ కాగితం చదివిన దగ్గర్నుంచీ కనకలక్ష్మికి అన్నం సయించలేదు. చేతుల శుభ్రత లేనందున సోమవారం నుంచి పనిలోకి రానక్కర్లేదని కూతురు రత్నమాలకి ఇచ్చిన మెమో అది. పిల్ల తలకి కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతుల్తోనే ప్రయోగానికి పెట్టే రాగిరేకులు ముట్టుకుందట!

ఆవిడ భయం మొదట్నుంచీ వేరు. ఖాజాగూడ బండల పక్కన డెబ్బై మూడులో తెరిచిన ఆ లేజరు ప్రయోగశాలలో పిల్ల కళ్ళు పోతాయేమోనని, మూడేళ్ళుగా రోజూ సాయంత్రం గోడమీది కాలెండర్లో చిన్నక్షరాలు చదివించేది. కళ్ళు పోలేదు. పరువు పోయింది.

శనివారం పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కి, పై అధికారి చలపతిరావు ముందు నిలబడింది.

"చూడండమ్మా, రాగిరేకు మీద లేజరు వెలుగుని రెప్పపాటులో కోటో వంతు సేపు కొడతాం. రేకులోంచి కణాలు ఎగిరొస్తాయి. రాగివి రావాలి. వాటికంటే ముందు ప్రోటాన్లొస్తున్నాయి. అవి హైడ్రోజన్‌వి. రాగిలో హైడ్రోజన్ ఎక్కడిది? నూనెలో ఉంటుంది. మీ అమ్మాయి జడ చూశారా?"

"జడ సంగతి ఉంచండి. మీ చేత్తో రేకు పెట్టి చూశారా?"

"నేనా?"

"మీరేనండి. మీ తలకి నూనెతో పనే లేదు కదా!"

అక్కడే గాలి లాగే పంపు నడిపే బాలనర్సయ్య దగ్గినట్టు నవ్వాడు. "అమ్మా!" అంటూ రత్నమాల కొంగు లాగింది.

చలపతిరావు మొహం ఎర్రబడింది. సబ్బుతో చేతులు రుద్దుకుని, తొడుగులు వేసుకుని, కొత్త రేకుని స్పిరిట్‌తో తుడిచి, లేజరు కొట్టే ఇనప పెట్టెలో పెట్టాడు. అందులోని గాలంతా లాగేసేసరికి గంటన్నర పట్టింది. పక్కగదిలో కూర్చున్న కనకలక్ష్మి, ఆ వెలుగు గోడలోంచి కూడా దూసుకొస్తుందేమోనని కళ్ళకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఠప్పుమంది.

తెర మీద ప్రోటాన్ల గీత ఎప్పటిలాగే అదే చోట, అంతే ఎత్తున లేచింది.

"నేను అప్పుడే చెప్పిన గద సారూ," అన్నాడు బాలనర్సయ్య. "గాలి గుంజే పంపుల నూనె మరుగుతది. దాని ఆవిరి లోపల అన్నిటికీ అంటుతది. పాపను ఊకెనే పరేషాన్ చేసిన్రు."

"కిరసనాయిలు స్టవ్వున్న ఇంట్లో ఎవరూ ముట్టని అటక మీది గిన్నెకీ జిడ్డు పడుతుంది. ఇంత చదువుకున్నారు, ఈపాటి తెలీదుటండీ?" అంది కనకలక్ష్మి.

చలపతిరావు ఆవిడ మాట వింటేగా! "అయితే ఇది లోపం కాదన్నమాట! ప్రోటాన్లే కావాలంటే జిడ్డు పొరలోంచి తీయొచ్చు. కొత్త సంగతి కనిపెట్టామని ఇవాళే పైవాళ్ళకి రాస్తాను" అంటూ కాగితం లాక్కున్నాడు.

"ఎవరి పేరుతో?"

"నా పేరుతోనేనమ్మా. సహాయకుల పేర్లు వెయ్యడం ఇక్కడ అలవాటు లేదు."

"మరకైతే మా పిల్లదీ, ఘనతైతే మీదీనా? తప్పుకి మాత్రం ఇంటిపేరుతో సహా టైపు కొట్టించారే!"

మెమోని బల్ల మీద పరిచింది. "ముందు ఇది కొట్టేసి సంతకం పెట్టండి. తర్వాత ఆ కాగితం మీద దాని పేరు రాయండి."

అనేసింది గానీ ఆవిడకి భయంగానే ఉంది. తిరిగి దక్కబోయే ఉద్యోగం కాస్తా ఊడితే? పోలీసుల్ని పిలిస్తే? పిల్లకి ఇంకెక్కడా పని దొరక్కుండా చేస్తే? అయినా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

చివరికి చలపతిరావు మెమోని అడ్డంగా కొట్టేసి సంతకం చేశాడు. రెండో కాగితం మీద తన పేరు, కింద రత్నమాల పేరు రాసి కలం మూయబోయాడు.

"బాలనర్సయ్యది కూడానండి," అంది రత్నమాల. "పంపు సంగతి ముందు చెప్పింది ఆయనేగా."