కళ్ళు తెరవని కిరీటం

పొద్దున్నే పొగగూట్లో సాల్మన్ ముక్కలు తిరగేసి, కాఫీ పెట్టుకుని, సెలీనా బల్ల మీది గుడ్డ తీసింది. కిరీటం ముందరి చెక్కముఖం మళ్ళీ కళ్ళు మూసుకుంది. నిన్న తను వంపుకత్తితో తెరిచిన రెప్పలు తెల్లారేసరికి గాటైనా లేకుండా కలిసిపోయాయి.

"మూసుకోదూ మరి," అంది విన్నీ పిన్ని, కాఫీలో రొట్టె ముంచుకుంటూ. "కాకి పక్షం చావుకి కాకి పక్షమే చెక్కుకుంటే ఏ చెక్క ఊరుకుంటుంది? వియ్యాలవారుండగా మన విస్తట్లో మనమే వడ్డించుకున్నట్టు."

ఆ ఊరి త్లింగిత్ జనం పద్ధతి అది. మనుషులు రెండు పక్షాలు, కాకి, గద్ద. పిల్లలది తల్లి పక్షం, పెళ్ళి ఎదుటి పక్షంతో. ఒకరింట్లో ఎవరైనా పోతే శవాన్ని మోసేదీ, కన్నీళ్ళు తుడిచేదీ, కిరీటం చెక్కేదీ ఎదుటి పక్షమే. పోయింది సెలీనా తమ్ముడు రూబెన్, సముద్రంలో మునిగి. శనివారం ఏడాది విందు. ఆమె కొడుకు క్లైడ్ ఆ కిరీటం పెట్టుకుని మేనమామ త్లింగిత్ పేరు అందుకోవాలి. గుడ్డి కిరీటం కింద పేరు నిలవదు; మనిషి మునిగిన నీళ్ళలోనే అదీ మునిగిపోతుంది.

చెక్కాల్సినవాడు ఆమె భర్త ఎమెట్, గద్ద పక్షం. పడవ తిరగబడ్డ రోజు రూబెన్ చెయ్యి పట్టుకున్నదీ అతనే. చెయ్యి జారింది. అప్పట్నించి అతను ఉలీ కత్తీ ముట్టలేదు, రేవులో కట్టేసిన పడవలోనే పడుకుంటున్నాడు. సెలీనా చేపల పులుసు పంపేది గాని మాట పంపేది కాదు. తన మీద కోపమని అతననుకున్నాడు. అతన్ని చూస్తే తమ్ముడు గుర్తొస్తాడని ఆమె భయం, అంతే.

వానలో కిరీటాన్ని కోటు కింద దాచుకుని రేవుకి వెళ్ళింది.

"నీ బావమరిది నిద్ర లేవనంటున్నాడు," అంది.

ఈ చేతుల్ని నమ్మొద్దన్నాడు ఎమెట్, సముద్రం వైపు తిరిగి.

"నువ్వు వదల్లేదయ్యా. వాడే వదిలించుకున్నాడు. నీళ్ళలోకి ఇంకొకణ్ణి లాక్కుపోయే రకమా నా తమ్ముడు?"

ఎమెట్ ఇటు తిరిగి కిరీటాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత కత్తి అడిగాడు. రెప్ప అంచున ఈనెంత పెచ్చు లేచిందో లేదో, ముఖం కళ్ళు తెరిచి అతన్నే చూసింది. మెరిసే చిప్పముక్కలు ఆ కళ్ళలో పొదుగుతూ అతను ఏడ్చాడు. సెలీనా పక్కన కూర్చుని చెక్క కదలకుండా పట్టుకుంది.

శనివారం క్లైడ్ ఆ కిరీటంతో ఆడాడు. అతిథులు ఒక్క గొంతుతో కొత్త పేరు పిలిచారు. అతను తల వంచగానే, కిరీటం పైన పేర్చిన సముద్ర సింహం మీసాల మధ్య నింపిన గద్ద నూగు, మెత్తటి ఈకల పొడి, గాల్లోకి లేచింది. ఆ నూగు ఎవరి మీద రాలితే వాళ్ళ మధ్య శాంతి అంటారు. ఆ రోజది ఎవరి మీదా రాలలేదు. ఎమెట్ కూర్చున్న తలుపు దగ్గరి బల్ల దాకా తేలిపోయి, రూబెన్‌ని పట్టుకున్న అతని కుడిచేతి చుట్టూ చేరి, బిగించి, లాగింది.

విన్నీ పిన్ని దారిచ్చి మోకాళ్ళు పక్కకి తిప్పుకుంది. నూగు అతన్ని జనం మధ్యనించి నడిపించుకొచ్చి, సెలీనా పక్కన నిలబెట్టి, అప్పుడు వదిలింది.