దిద్దని దరువు

డ్రమ్ మెషీన్ వెనక కంతలో పసుపు చూసి మా తమ్ముడు శంకర్ నా మీద ఎగిరాడు. మధ్యలో నేనేం చేశాను? దసరాకి ఆయుధపూజ చేసింది అమ్మ. నాన్న తప్పెటకీ, నా కుట్టుమిషనుకీ, ఈ పెట్టెకీ వరసగా బొట్లు పెట్టింది. ఇంకెక్కడా చోటు దొరకనట్టు సరిగ్గా కేబుల్ దూర్చే కంతలోనే తడి పసుపు మెత్తింది.

"పూజ సేత్తే తప్పేట్రా? మీ అయ్య అందులోనే ఉన్నాడు కదా" అంది అమ్మ.

ఆ మాట నిజమే. బర్మాలో మా మింగళ తౌంగ్‌న్యున్ పేట తెలుగువాళ్లలో మా నాన్న లింగరాజుని ఎరగనివాళ్లు లేరు. అమ్మవారి సంబరమంటే గుండెకి తప్పెట కట్టుకుని ముందు నడిచేది ఆయనే. సైన్యం గద్దెనెక్కిన ఏడాదే కరోనా కూడా ఊరిని కమ్మేసింది. అందరం తలుపులేసుకుని కూర్చున్నాం. తప్పెట మోగితే వీధి చివర సైనికులు పైకొస్తారని భయం. అప్పుడు శంకర్ బతిమాలితే, నాన్న ఈ పెట్టె మీది రబ్బరు మీటల మీద వేళ్లతో తన దరువులన్నీ వేసిపెట్టాడు. వారం తిరక్కుండా ఊపిరాడక పోయాడు. ఆక్సిజన్ కోసం ఊరంతా తిరిగిన శంకర్ ఖాళీ సిలిండరుతోనే ఇంటికొచ్చాడు.

ఆ దరువులకి ఇంకో నకలు లేదు. పోనీ పెట్టెలోంచి వినిపించేదైనా నాన్న దరువా అంటే, అదీ కాదు. దెబ్బ కాస్త ముందు పడినా, వెనక పడినా ఆ పెట్టె దాన్ని లాగి సరిగ్గా లెక్క మీద నిలబెడుతుంది. నాన్న మూడో దెబ్బని కాసేపు ఆపి, జనాన్ని ఊరించి, అప్పుడు వేసేవాడు. పెట్టె ఆ ఊరింపుని దిద్దేసేది. అమ్మ ఒక్కసారి విని, "ఇది మీ అయ్య కాదు, గడియారం" అని లేచిపోయింది.

లోపల మాత్రం నాన్న వేసిన దెబ్బ వేసినచోటే ఉందని, వినిపించేటప్పుడే అది దిద్దుతుందని శంకర్ కనిపెట్టాడు. పరాయి దేశంలో ఎవరో ఆ పెట్టెకి వేరే ఫర్మ్‌వేర్, అంటే దాన్ని లోపల్నుంచి నడిపే ప్రోగ్రామ్, రాశారట. అది ఎక్కిస్తే ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుందట. నెట్ వచ్చినప్పుడల్లా కూర్చుని ముక్కలు ముక్కలుగా దింపాడు. చిక్కల్లా ఒకటే. కొత్తది ఎక్కేటప్పుడు పెట్టెలో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందు దరువుల్ని కేబుల్ గుండా లాప్‌టాప్‌లోకి తీసుకోవాలి. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయింది. పసుపు మహిమ. నేను కుట్టుమిషను బ్రష్ తెచ్చి ఆ కంతని తోముతుంటే కింద ట్రక్కు ఆగింది. బూట్లు మెట్లెక్కడం మొదలైంది.

పక్క వీధిలో సైనికుల సోదాలో లాప్‌టాప్ దొరికిన ఇంట్లో దాన్నీ తీసుకుపోయారు, దాని తాలూకు కుర్రాడినీ తీసుకుపోయారు.

"మూసేయిరా బేగి" అన్నాను.

"ఖనలే అక్కా." బర్మా భాషలో ఒక్క క్షణం అని. వాడి క్షణాల సంగతి నాకు తెలుసు. ఒళ్లు మండిపోయింది.

అమ్మ లేచి వీధి తలుపు బార్లా తీసి, గడప దగ్గర చేటతో బియ్యం పెట్టుకుని కూర్చుంది. "మూసుంటేనే అనుమానం" అంది మెల్లగా. వెనక గదిలో శంకర్ కేబుల్ మళ్లీ దూర్చాడు. తెర మీద ఎంత దిగిందో చూపే గీత పాకుతోంది. చేట చప్పుడు ఆగలేదు. బూట్లు మా కింది అంతస్తులో ఆగాయి. ఎవరిదో తలుపు బాదారు, ఎవరో ఆడమనిషి ఏడ్చింది, కాసేపటికి ట్రక్కు కదిలిపోయింది. మా తలుపు కానందుకు ప్రాణం తెరిపిన పడింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"వచ్చేసింది" అన్నాడు శంకర్. దరువుల్ని చిన్న మెమరీ కార్డులోకి కూడా ఎక్కించి అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇక కొత్తది ఎక్కించడం. సగం ఎక్కిందో లేదో కరెంటు పోయింది. లాప్‌టాప్ ఆరిపోయింది, పెట్టె ఆరిపోయింది. ఆ చీకటి తెర ముందు సాయంత్రం దాకా వాడు కదలకుండా కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టలేదు. దీపాలవేళ మేడలన్నీ ఒక్కసారిగా "మీ లాబీ" అని కేకేశాయి. కరెంటొచ్చిందని అర్థం. ఈ ఊరంతా కలిసి వేసే కేక ఇదొక్కటే మిగిలింది. శంకర్ మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. పెట్టె వెలిగింది. అమ్మ కొంగు ముడి విప్పింది. శంకర్ కార్డులోని దరువుల్ని తిరిగి పెట్టెలోకి పంపాడు.

మొదటి దరువు. మూడో దెబ్బ ఆగింది, ఊరించింది, పడింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అన్నీ విన్నాం. ఆఖరి దరువు మొదట్లో బాగానే నడిచింది. ఉన్నట్టుండి దెబ్బలు పలచబడ్డాయి. ఒకచోట పడాల్సిన దెబ్బ పడలేదు. ఆ ఖాళీ తర్వాత నాలుగైదు తొందరగా, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇన్నాళ్లూ పెట్టె వీటిని లాగి చక్కగా వరసలో నిలబెట్టింది.

"ఇక్కడ పాడైపోయినట్టుంది. సరిసేత్తాను" అన్నాడు శంకర్.

"పాడవనేదు" అంది అమ్మ. "ఊపిరందక ఆగిపోనాడు. ఏటైందని ఆ రోజే అడిగినాను. ఏటీ నేదు, కుర్రోడు సరదా పడతన్నాడు అన్నాడు."

"ఇంకొక్కటి వెయ్యి నాన్నా అని నేనే అన్నానమ్మా" అన్నాడు శంకర్. ఆ ఖాళీని చెరిపే మీట మీదకి వాడి వేలు వెళ్లింది.

అమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. "ఉండనీ. నీకోసమని ఏసినాడు. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాడు. ఆ ఖాళీ వచ్చినప్పుడు ముగ్గురం ఊపిరి బిగబట్టి, నాన్న తర్వాతి దెబ్బ వేసేదాకా ఆగాం.