ఎరుపు చూపించే ఫోను

రెండు నెలల్లో మూడో చీర తిరిగి వచ్చిన రోజున మునిరత్నమ్మ ఆ పార్సిల్ విప్పలేదు. లోపల ఏముందో తెలుసు, ఎందుకు వచ్చిందో కూడా తెలుసు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే రాజశ్రీ అనే ఆవిడ వాట్సాప్‌లో మర్యాదగానే రాసింది: "చీర బాగుందండీ. కానీ ఫోటోలో ఉన్న ఎరుపు ఇది కాదు." అంతకు ముందు తిప్పి పంపిన ఇద్దరూ ఇదే మాటను ఇంత మర్యాద లేకుండా రాశారు.

మునిరత్నమ్మది శ్రీకాళహస్తి. కలంకారీ పనిలో మొగుడూ పెళ్లాలకు చెరో సగం. భర్త ధనంజయ వెదురు కలంతో బొమ్మలు గీస్తాడు. రంగులు ఆమెవి. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచడం దగ్గర నుంచి, పటిక రాసిన చోట మంజిష్ఠ వేళ్లతో ఉడికించి ఎరుపు తెప్పించడం దాకా ఇరవై ఆరేళ్లుగా ఆమె చేతి మీదే నడుస్తోంది. ఆ ఎరుపు కుంకుమలాగా కంటికి కొట్టదు. కొంచెం గోధుమ వైపు మొగ్గి, నిలకడగా ఉంటుంది. మొదటి చీర తిరిగి వచ్చినప్పుడు, కొన్నావిడ కళ్లు పరీక్ష చేయించుకుంటే మంచిదని మునిరత్నమ్మ అనుకుంది. మూడోది వచ్చాక తన కళ్ల మీదే అనుమానం వచ్చింది. పెరట్లో రంగు ఉడికే అండా ముందు కూర్చుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చి, మంట తగ్గకుండా కట్టె ఎగదోసింది.

ధనంజయ ఒక దారి చెప్పాడు.

"ఫోటోలో ఉండే ఎరుపే ఏసేద్దాం. అంగట్లో డబ్బాలో దొరకతాది. ఉడకబెట్టే పని గూడా లేదు."

"ఫోనుకు నచ్చినట్ల నేను రంగు మార్చాల్నా?"

"మరి ఏం జేస్తావు?"

"ఫోను మారుస్తా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ తిరుపతి బస్సెక్కారు. తిరిగి వచ్చిన చీర సంచిలో ఉంది. బస్సులో పక్క సీటాయన ధనంజయకు మెగాపిక్సెల్ అనే మాట నేర్పాడు. అవి ఎన్ని ఎక్కువుంటే ఫోటో అంత నిజంగా ఉంటుందట. నూట ఎనిమిదికి తగ్గొద్దన్నాడు. ధనంజయ ఆ అంకెను రేణిగుంట దాటేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఫోన్ల షాపులో రూపేష్ అనే సేల్స్‌మన్ వాళ్లను కూర్చోబెట్టాడు. పాతికేళ్లుంటాయి. ఐదేళ్లుగా ఇదే పని. చెప్పాల్సిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాడు: ప్రాసెసర్ ఇది, ర్యామ్ ఎనిమిది, బ్యాటరీ రెండు రోజులు, స్క్రీన్ వెన్నలాగా జారుతుంది, వేలు పెడితే తెరుచుకుంటుంది.

మునిరత్నమ్మ అంతా విని, "ఎరుపు ఎట్లుంటాది నాయనా?" అంది.

"ఎరుపు స్టాకు లేదమ్మా. నీలం, నలుపు ఉండాయి."

"ఫోను రంగు గాదు. ఫోటోలో ఎరుపు."

"నూట ఎనిమిది ఉండాల" అన్నాడు ధనంజయ.

ఆమె సంచిలోంచి చీర తీసి గాజు బల్ల మీద పరిచింది. రూపేష్ ఒక ఫోనుతో ఫోటో తీసి చూపించాడు. ఆమె ట్యూబులైటు వంక చూసి, ఈ వెలుతురులో కుదరదంది. ఫోన్లు గుమ్మం దాటించడానికి వీల్లేదని రూపేష్ చెప్పాడు. అయితే చీరే గుమ్మం దాటుతుందని ఆమె బయటికి వెళ్లింది. ధనంజయ ఒక కొస, ఆమె ఒక కొస పట్టుకుని ఎండలో నిలబడ్డారు. రూపేష్ గుమ్మంలోనే నిలబడి, ఒక్కో ఫోను తెచ్చి ఫోటో తీశాడు. దారిన పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి, చీర ధరెంతని అడిగారు. ఒకాయన ఇది ఫోను కంపెనీ ప్రచారమనుకుని, బహుమతి ఎప్పుడిస్తారని కనుక్కుని, కాదని తెలిసి వెళ్లిపోయాడు.

పదకొండు ఫోన్లయ్యాయి. పదకొండింటినీ బల్ల మీద వరసగా పెట్టి, చీరను పక్కన వేశారు. ఒకదాంట్లో ఎరుపు కుంకుమలా ఉంది. ఒకదాంట్లో టమాటా. ఇంకోదాంట్లో పెళ్లికూతురి లిప్‌స్టిక్. నూట ఎనిమిది మెగాపిక్సెళ్లున్న దాంట్లో దారం పోగులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. ఆ పోగులన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. ధనంజయ ఆ ఫోనును మెల్లగా పక్కకు జరిపాడు. నలభై రెండు వేల ఫోనులో ఎరుపు అన్నిటికంటే అందంగా ఉంది. అది ఏ చెట్టు వేరులోంచీ రాదని మునిరత్నమ్మ చెప్పింది.

"ధర పెరిగేకొద్దీ అబద్ధం పెరగతా ఉండాదే" అంది.

"అబద్ధం గాదమ్మా. జనానికి ఫోటో బాగుండాల. ఆకాశం నీలంగా, మొగం తెల్లంగా ఉండాల. దానికోసం కెమెరానే రంగు దిద్దుతాది."

"నన్నడక్కుండానే?"

రూపేష్ వరసలో చివరి ఫోనును ఆమె ముందుకు జరిపాడు.

చివర్న ఉన్న తొమ్మిదిన్నర వేల ఫోనులో మాత్రం చీర కాస్త వెలిసినట్టున్నా చీరలాగే ఉంది. ఆమె దాన్ని తీసుకోబోయింది. అప్పుడు రూపేష్ తన పనికి ఏమాత్రం మంచిది కాని మాట ఒకటి చెప్పాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. మీరు నిజమైన ఎరుపే పంపినారనుకుందాం. హైదరాబాదులో ఆయమ్మ సూసేది ఆయమ్మ ఫోన్లో గదా."

అదే ఫోటోను పక్క ఫోన్లోకి పంపి, రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు. ఒకే ఫోటో. రెండు ఎరుపులు.

మునిరత్నమ్మ స్టూలు మీద కూర్చుంది. తన ఎరుపులో తప్పు లేదని తేలింది. కానీ ఆ సంగతి ఇంకొకరికి చూపించే సాధనం ఈ షాపులోనే కాదు, తిరుపతి మొత్తంలో లేదని కూడా తేలింది. ధనంజయ నీళ్ల సీసా ఇచ్చాడు. తాగకుండా చేతిలో పట్టుకుంది.

సీసా బల్ల మీద పెట్టి, "నాయనా, మీ ఇంట్లో ఎండుమిరపకాయలుండాయా?" అంది.

"ఎవరింట్లో లేవమ్మా?"

"అదే. హైదరాబాదులో గూడా ఉంటాయి."

ధనంజయకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. చీర పక్కన ఒక ఎండుమిరపకాయ పెట్టి ఫోటో తీస్తే సరి. ఫోను చీరను ఎర్రగా చేస్తే మిరపకాయనూ చేస్తుంది. కొనేవాళ్లు వంటింట్లోకి పోయి, డబ్బాలోంచి ఒక కాయ తీసి, ఫోటోలో కాయతో పోల్చుకుంటే ఫోను ఎంత దిద్దిందో వాళ్లకే తెలుస్తుంది. ఈ చీర ఎరుపు మిరపకాయకంటే ఒక్క పిసరు గోధుమ రంగని కింద రాస్తుంది. అంతే.

రూపేష్ పదకొండు ఫోన్ల వరసను ఒకసారి చూసి, "అట్లయితే ఏ కెమెరా అయినా ఒకటే" అన్నాడు. తర్వాత, "మరి ఫోన్లో మీకు ఇంకేం కావాల?" అని అడిగాడు. ఐదేళ్లుగా ఈ పని చేస్తున్నా, ఆ ప్రశ్న ముందుగా అడగడం అతనికి అలవాటు లేదు.

ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అండా ఉడుకుతుంటే పెరట్లోంచి వినబడేంత గట్టిగా మోగాలి. తడి చేత్తో ఎత్తినా చెడిపోకూడదు. ఎండలో అక్షరాలు కనబడాలి. వేలితో తెరుచుకునేది వద్దు. పటికకు, రంగుకు అరిగిపోయిన ఆమె బొటనవేలిని షాపులో ఏ ఫోనూ వేలుగా ఒప్పుకోలేదు. నాలుగు ఫోన్లు మోగించి చూశారు. పదకొండున్నర వేల ఫోను మోత విని పక్క షాపాయన తొంగి చూశాడు. అదే తీసుకున్నారు.

వాట్సాప్‌లో మిరపకాయ ఫోటోలు పెట్టిన మొదటి వారం ఒకరు చీరతో మిరపకాయ ఉచితమా అని అడిగారు. ఇంకొకరు కిలో ఎంతని అడిగారు. మునిరత్నమ్మ ఇద్దరికీ మర్యాదగా జవాబు రాసింది. రెండో వారం విశాఖపట్నంలో లెక్చరర్‌గా ఉన్న కోమలి ఒక చీర తెప్పించుకుంది. చేరిన రోజే ఫోన్ చేసింది. మోత వీధి మలుపు దాకా వినబడింది.

"రంగు అచ్చం మీరు చెప్పినట్టే ఉందండీ. మా వంటింట్లో మిరపకాయ పెట్టి చూశాను. ఒక్క సంగతి. కొంగు మీద నెమలి మెడ కొంచెం వంకరగా ఉంది. పర్వాలేదు, ఉంచుకుంటాను. చెబుదామని చేశానంతే."

ధనంజయ అంతా విన్నాడు. వినకుండా ఉండటానికి ఆ ఫోనుతో వీల్లేదు.

"ఆయమ్మ ఫోను వంకరేమో" అన్నాడు.

"ఆయమ్మ సూసింది చీరను. ఫోటోను గాదు."

ధనంజయ కలం పక్కన పెట్టి లేచాడు. ఆరేసి ఉన్న మరో చీర కొంగు వెలుతురులోకి లాగి, కళ్లజోడు తుడుచుకుని నెమలిని చూశాడు. దాని మెడ కూడా కొంచెం ఎడమకు వంగి ఉంది. గోడకు తగిలించిన పాత గుడ్డ దగ్గరికి వెళ్లాడు. అది ఆయన తండ్రి గీసింది. అందులోనూ ఒక నెమలి ఉంది. దాని మెడ వెంట వేలు పోనిచ్చాడు.

"మా నాయన గీసింది గూడా ఇట్లనే ఉండాదే" అన్నాడు చివరికి.

మునిరత్నమ్మ వచ్చి పక్కన నిలబడి చూసింది.

"అయితే ఇద్దరిదీ వంకరే" అంది. అండా కింద మంట తగ్గిందేమో చూడటానికి పెరట్లోకి వెళ్లింది.